ఘటకేసర్ మండలము: భౌగోళిక స్వరూపము, పరిపాలనా విభాగాలు

ఘటకేసర్ మండలము తెలంగాణ రాష్ట్రములోని మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాకు చెందిన ఒక మండలము. ఇది హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున, వరంగల్లు రహదారికి ఇరువైపులా విస్తరించి ఉన్నది. మండల కేంద్రము ఘటకేసర్. ఈ పేరును ఘట్‌కేసర్ అని కూడా వ్రాస్తారు. పోచారం, అన్నోజిగూడ, యంనంపేట, ఏదులాబాద్, అంకుశాపూర్, అవుషాపూర్ ఈ ప్రాంతములోని ముఖ్య గ్రామాలలో కొన్ని.

సుమారు అర్ధ శతాబ్ద కాలములో ఈ ప్రాంతపు జిల్లా రెండు పర్యాయములు మారినది. తాలూకా పోయి మండలము వచ్చినది. గ్రామ పంచాయతీలు మొదట పురపాలక సంఘాలుగా, పిదప మహానగరములో భాగముగా మారినవి. నేల, ఏరు, చెరువు మాత్రము ఉన్నచోటనే ఉన్నవి. అందుచేత ఈ మండలమును గురించి తెలుసుకొనుటకు నేల స్వరూపమును, దానిపై గీయబడిన పరిపాలనా సరిహద్దులను వేర్వేరుగా చూడవలసి ఉన్నది. ఈ వ్యాసములో "ఘటకేసర్ ప్రాంతము" అన్నప్పుడు 2016 పునర్వ్యవస్థీకరణకు పూర్వము మండలముగా ఉన్న భూభాగమంతయు అని గ్రహించవలెను.

ఉనికి, సరిహద్దులు

ఘటకేసర్ ప్రాంతానికి ఉత్తరమున కీసర, తూర్పున యాదాద్రి భువనగిరి జిల్లాలోని బీబీనగర్, పడమట ఉప్పల్ ఉన్నవి. దక్షిణ దిక్కున మూసీ నది సహజమైన ఎల్లగా నిలిచినది. నదికి ఆవలి ఒడ్డు రంగారెడ్డి జిల్లాలోనిది. ఒకప్పుడు అది హయత్‌నగర్ మండలములో ఉండెడిది. 2016 తరువాత అబ్దుల్లాపూర్‌మెట్ మండలములోనికి వచ్చినది. ప్రతాపసింగారం, గౌరెల్లి గ్రామాలు ఎదురెదురు ఒడ్డుల మీద ఉన్న ఊళ్ళు.

ఉప్పల్ కూడలి నుండి తూర్పునకు బయలుదేరినచో బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి, జోడిమెట్ల, అన్నోజిగూడ మీదుగా ఘటకేసర్ చేరవచ్చును. ఈ మార్గమునకు పూర్వము 202వ నంబరు ఉండెడిది. జాతీయ రహదారుల సంఖ్యలను 2010లో మార్చిన తరువాత ఇది 163వ జాతీయ రహదారి అయినది. నగరము చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున నిర్మించబడిన బాహ్యవలయ రహదారి ఈ రహదారిని ఘటకేసర్ వద్ద దాటుతున్నది. అన్నోజిగూడ, నారపల్లి వలయానికి లోపల ఉన్నవి. అంకుశాపూర్, అవుషాపూర్ వంటి తూర్పు గ్రామాలు వెలుపల ఉన్నవి.

నేల స్వరూపము

ఈ ప్రాంతము దక్కను పీఠభూమిలో భాగము. అడుగున ఉన్నది అతి ప్రాచీనమైన గ్రానైటు, నైస్ శిలల పొర. కోట్ల సంవత్సరాల ఎండవానలకు ఈ శిలలు పగిలి, గుండ్రని బండలుగాను, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న గుట్టలుగాను మారినవి. నారపల్లి, చెంగిచర్ల పరిసరాలలో అటవీ భూములు కలవు. నారపల్లి వద్ద రహదారి ప్రక్కన భాగ్యనగర్ నందనవనము అను ఉద్యానవనమును అటవీ శాఖవారు ఏర్పరచినారు.

గ్రానైటు చివికి ఏర్పడిన ఎర్ర ఇసుక నేలను ఇక్కడి రైతులు చల్క అంటారు. నీరు త్వరగా ఇంకిపోవునట్టి ఈ నేలలో వర్షాధారముగా జొన్న, కంది, ఆముదము వంటి పంటలు పండించుట తెలంగాణలో వాడుక. పల్లములలో, చెరువుల క్రింద బంకమన్ను కలిసిన నేల ఉన్నచోట వరి పండుతుంది. ఒకే గ్రామములో మెరక మీద చల్క, పల్లములో వరి మడి కనిపించుట ఈ ప్రాంతపు లక్షణము.

వర్షములో అధిక భాగము జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. హైదరాబాదు పరిసరాలలో సాలీనా సగటు వర్షపాతము సుమారు 800 మిల్లీమీటర్లు. గట్టి శిల పైననే ఉండుటచేత భూగర్భములో నిలువ ఉండు నీరు తక్కువ. అందుచేతనే ఇక్కడి వ్యవసాయము పూర్వము నుండి చెరువులపై ఆధారపడినది.

చెరువులు, మూసీ నది

తెలంగాణలోని ఇతర ప్రాంతాల వలెనే ఇక్కడి చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పోసినచో ఆ నీరు వాగు ద్వారా క్రింది చెరువునకు చేరును. చివరకు మిగిలిన నీరు మూసీలో కలియును. చెరువు కట్ట, తూము, అలుగు, వాగు అనునవి అన్నియు కలిసి ఒక్క వ్యవస్థ. గొలుసులో ఒక్క చెరువు పూడిపోయినను, ఒక్క వాగు ఆక్రమణకు గురి అయినను, దాని ప్రభావము క్రింది ఊరి మీద పడుతుంది. ఎగువన వాన నీరు ఇండ్లలోనికి వచ్చుటయు, దిగువన చెరువు ఎండుటయు ఒకే కారణము వలన జరుగవచ్చును.

మూసీ నది వికారాబాదు సమీపములోని అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరము గుండా ప్రవహించి, నల్గొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణా నదిలో కలుస్తున్నది. 1908 నాటి వరద తరువాత నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు నిర్మించబడినవి. వాటివలన వరద ముప్పు తగ్గి, నగరానికి తాగునీరు లభించినది. కాని నగరము దాటిన తరువాత నదిలో పారునది ఎక్కువగా నగరము విడిచిన మురుగునీరే అయినది. అంబర్‌పేట వద్ద రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధిచేయు కేంద్రము, నాగోలు వద్ద మరియొక కేంద్రము నిర్మించబడినను, శుద్ధి కాని నీరు కూడా నదిలో కలియుచుండుట చిరకాలపు సమస్య.

నదికి అడ్డముగా కట్టిన తక్కువ ఎత్తు ఆనకట్టలను ఈ ప్రాంతములో కత్వలు అంటారు. కత్వల నుండి కాలువల ద్వారా నీరు పొలాలకు, చెరువులకు చేరుతుంది. ఏడాది పొడవునా నీరు లభించుట వలన నది ఒడ్డు గ్రామాలలో వ్యవసాయము నిలిచినది. అయితే పంట మారినది. నగరానికి దగ్గరగా ఉన్న కాచవానిసింగారం వంటి చోట్ల వరి స్థానములో పశుగ్రాసము పెంచుట అధికమైనది. ఈ గడ్డిని నగరములోని పాడి పశువుల యజమానులు కొంటారు. దిగువకు పోయిన కొలది, కత్వల వద్ద మలినములు కొంత పేరుకొని నీటి నాణ్యత మెరుగుపడుటచేత, వరి సాగు ఎక్కువగా కనిపిస్తుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ శాస్త్రజ్ఞులు 2000 తరువాతి దశాబ్దములో ఈ గ్రామాలలో పరిశోధనలు జరిపి, మురుగునీటి సేద్యము వలన కలుగు లాభనష్టములను వివరించినారు.

ఏదులాబాద్ చెరువు ఈ ప్రాంతములో పెద్దది. దీనికి మూసీ నీరు చేరుచున్నందున, నీటిలోను చేపలలోను భార లోహములను గురించి పలువురు పరిశోధకులు ఇక్కడ పరీక్షలు జరిపినారు. ఏదులాబాద్ గ్రామములో గోదా సమేత రంగనాయకస్వామి ఆలయము ప్రసిద్ధమైనది.

గ్రామాల పేర్లు

ఈ ప్రాంతపు గ్రామనామాలు దాని చరిత్రను సూచిస్తున్నవి.

- గూడ: చిన్న నివాసము అను అర్థములో వాడుక. ఉదాహరణకు అన్నోజిగూడ, చౌదరిగూడ, మర్పల్లిగూడ, పీర్జాదిగూడ, ఇస్మాయిల్‌ఖాన్‌గూడ.
- పల్లి: అచ్చ తెలుగు పేరు. నారపల్లి, మేడిపల్లి.
- పూర్: పురము అను మాటకు రూపాంతరము. వెంకటాపూర్, ఘనాపూర్, కొండాపూర్.
- ఆబాద్: పారసీక పదము. ఏదులాబాద్.

తెలుగు పేరు ప్రక్కనే పారసీక, ఉర్దూ పేర్లుండుట కుతుబ్‌షాహీ, అసఫ్‌జాహీ పాలనలలో నగరానికి సమీపమున ఉన్న పల్లెలన్నిటిలో కనిపించునదే. పంచాయతీ పోయినను, పురపాలక సంఘము పోయినను, భూమి పత్రములలో గ్రామము పేరు మాత్రము కొనసాగుతుంది.

పరిపాలనా చరిత్ర

నిజాం కాలములో హైదరాబాదు చుట్టుప్రక్కల ప్రాంతము అత్రాఫ్ బల్దా అను పేరుతో ఒక జిల్లాగా ఉండెడిది. అత్రాఫ్ బల్దా అనగా నగర పరిసరములు అని అర్థము. అందలి భూమిలో అధిక భాగము నిజాము సొంత ఖర్చులకు ప్రత్యేకింపబడిన సర్ఫెఖాస్ భూమి. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన తరువాత అత్రాఫ్ బల్దా, బాఘాత్ జిల్లాలను కలిపి హైదరాబాదు జిల్లాగా చేసినారు. తదుపరి మార్పులు క్రింది విధముగా ఉన్నవి.

- 1956: ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడినది.
- 1959: ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమై, పంచాయతీ సమితులు ఏర్పడినవి.
- 1978 ఆగస్టు 15: హైదరాబాదు జిల్లా నుండి గ్రామీణ ప్రాంతములను వేరుచేసి కొత్త జిల్లా ఏర్పరచినారు. కొండా వెంకట రంగారెడ్డి పేరిట దీనికి రంగారెడ్డి జిల్లా అను పేరు వచ్చినది.
- 1984: పటేలు, పట్వారీ వంటి వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినవి.
- 1985: తాలూకాల స్థానములో చిన్న విభాగాలైన మండలాలు ఏర్పడినవి. ఘటకేసర్ ఒక మండల కేంద్రమైనది.
- 2014 జూన్ 2: తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది.
- 2016 అక్టోబరు 11: జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడి, ఘటకేసర్ మండలము దానిలో చేరినది. అదే సమయములో పడమటి గ్రామాలతో మేడిపల్లి మండలము కొత్తగా ఏర్పడినది.
- 2018 ఆగస్టు: పోచారం, ఘటకేసర్ పురపాలక సంఘాలు ఏర్పడినవి. అన్నోజిగూడ పోచారం పురపాలక సంఘములో చేరినది.
- 2019: పడమటనున్న బోడుప్పల్, పీర్జాదిగూడ పురపాలక సంఘాలు నగరపాలక సంస్థలైనవి.
- 2024 సెప్టెంబరు: మిగిలిన గ్రామ పంచాయతీలు పురపాలక సంఘాలలో విలీనమైనవి.
- 2025 డిసెంబరు: పోచారం, ఘటకేసర్, బోడుప్పల్, పీర్జాదిగూడ సహా 27 పట్టణ స్థానిక సంస్థలు హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనము చేయబడినవి.

1985లో మండలాలు ఏర్పరచుటలోని ఉద్దేశము కార్యాలయమును ప్రజలకు దగ్గరగా తెచ్చుట. తాలూకా కేంద్రానికి ఒక పూట ప్రయాణము చేయవలసిన రైతు, మండల కేంద్రానికి పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినాడు. 2016లో జిల్లాలను చిన్నవిగా చేసినప్పుడు కూడా ఇదే కారణము చెప్పబడినది. మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లా కార్యాలయాల సముదాయము శామీర్‌పేట మండలములోని అంతాయిపల్లి వద్ద నిర్మించబడి, 2022 ఆగస్టు 17న ప్రారంభమైనది.

2024 నాటి విలీనము

2024 సెప్టెంబరు ఆరంభములో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా బాహ్యవలయ రహదారి లోపల, దానిని ఆనుకొని ఉన్న 51 గ్రామ పంచాయతీలను సమీప పురపాలక సంఘాలలో కలిపినది. వాటిలో 28 పంచాయతీలు మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలోనివి. ఘటకేసర్ ప్రాంతములో విలీనమైన 11 గ్రామాలు ఇవి.

పోచారం పురపాలక సంఘములో కలిసినవి:
- వెంకటాపూర్
- ప్రతాపసింగారం
- కొర్రెముల
- కాచవానిసింగారం
- చౌదరిగూడ

ఘటకేసర్ పురపాలక సంఘములో కలిసినవి:
- అంకుశాపూర్
- అవుషాపూర్
- మాదారం
- ఏదులాబాద్
- ఘనాపూర్
- మర్పల్లిగూడ

ఈ గ్రామాల ప్రజలకు స్థానిక ప్రాతినిధ్యము ఏ విధముగా మారినదో గమనింపదగినది. 2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల పదవీకాలము 2024 ఫిబ్రవరి ఆరంభానికి ముగిసినది. తిరిగి ఎన్నికలు జరుగక ముందే గ్రామాలు పురపాలక సంఘాలలో కలిసినవి. 2020 జనవరిలో ఎన్నికైన పురపాలక సంఘాల పదవీకాలము 2025 జనవరిలో ముగిసినది. ఆ సంవత్సరము చివరనే పురపాలక సంఘాలు మహానగరములో కలిసినవి. ఈ విధముగా రెండు సంవత్సరాలలోపుగా ఒకే గ్రామము మూడు రకాల స్థానిక సంస్థల క్రిందికి వచ్చినది. మధ్యకాలములో పాలన ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నది. 2025 డిసెంబరులో రాష్ట్రములోని 31 జిల్లాలలో పంచాయతీ ఎన్నికలు జరిగినవి. గ్రామ పంచాయతీలు మిగులని హైదరాబాదు, మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలలో మాత్రము జరుగలేదు.

ఈ మార్పులు వెంట వెంటనే జరుగుటకు ఒక కారణము జనగణన. 2027 జనగణన కొరకు పరిపాలనా సరిహద్దులలోని మార్పులన్నియు 2025 డిసెంబరు 31 లోపుగా పూర్తి కావలెనని నిర్ణయించబడినది.

విలీనము వలన గ్రామస్థులకు కలుగు ఫలితములు రెండు విధములు. రహదారులు, మురుగు కాలువలు, వీధి దీపములు, చెత్త సేకరణ వంటి పట్టణ సౌకర్యములకు నిధులు హెచ్చుగా లభించు అవకాశము ఉన్నది. మరియొక వంక ఆస్తి పన్ను, భవన నిర్మాణ అనుమతుల నిబంధనలు పట్టణ పద్ధతికి మారును. గ్రామీణ ప్రాంతాలకే ఉద్దేశింపబడిన పథకములు వర్తించవు. 2005 నాటి చట్టముతో వచ్చిన ఉపాధి హామీ పథకము అట్టిదే. విలీన సమయములో కూలీల ఆందోళనకు ఇది ముఖ్య కారణము. పొలము పనులు మిగిలి ఉన్న ఏదులాబాద్ వంటి గ్రామానికి, అపార్టుమెంట్లతో నిండిన అన్నోజిగూడకు ఒకే నియమము వర్తించుట ఇందలి చిక్కు.

ఏ విభాగము ఏ పనికి

ఒకే గ్రామము ఏకకాలములో అనేక విభాగాలలో ఉండును. వీటి సరిహద్దులు ఒకదానితో ఒకటి సరిపోవు.

- రెవెన్యూ విభాగము: ఘటకేసర్ మండలము కీసర రెవెన్యూ డివిజనులోనిది. మండల రెవెన్యూ అధికారి తహసీల్దారు. భూమి రికార్డులు, కుల, ఆదాయ ధ్రువపత్రములు ఈ కార్యాలయపు పని. స్థానిక సంస్థ మారినంత మాత్రమున రెవెన్యూ గ్రామము మారదు. సర్వే నంబరు ఆ గ్రామము పేరిటనే ఉండును.
- గ్రామ రెవెన్యూ వ్యవస్థ: గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు 2020లో రద్దయినవి. అదే సంవత్సరము అక్టోబరులో ధరణి పోర్టల్ ప్రారంభమైనది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానములో భూభారతి వచ్చినది. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు నియమింపబడినారు.
- స్థానిక సంస్థ: పన్నులు, పారిశుద్ధ్యము, వీధులు, ఇంటి అనుమతులు దీని పని. తరచుగా మారినది ఈ విభాగమే.
- శాసనసభ, లోక్‌సభ: ఘటకేసర్ మండలము మేడ్చల్ శాసనసభ నియోజకవర్గములో, మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గములో ఉన్నది. మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానమునకు తొలి ఎన్నిక 2009లో జరిగినది.
- నగరాభివృద్ధి: 1975లో ఏర్పడిన హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ స్థానములో 2008లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ వచ్చినది. బృహత్ ప్రణాళిక, లేఅవుట్లు, చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దుల నిర్ధారణ దీని పరిధిలోనివి.
- విపత్తు, ఆస్తుల రక్షణ: 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ పరిధిని బాహ్యవలయ రహదారి వరకు నిర్ణయించినారు.
- తపాలా: అన్నోజిగూడకు పిన్ కోడ్ 500088, ఘటకేసర్‌కు 501301. ప్రక్క ప్రక్క ఊళ్ళైనను మొదటి మూడు అంకెలే వేరు.

చెరువు విషయములో ఈ చిక్కు స్పష్టముగా కనిపిస్తుంది. చెరువు భూమి రికార్డు రెవెన్యూ శాఖ వద్ద, కట్ట, తూము నీటిపారుదల శాఖ వద్ద, హద్దుల నిర్ధారణ అభివృద్ధి సంస్థ వద్ద, దానిలో కలియు మురుగు కాలువ స్థానిక సంస్థ వద్ద ఉండును. గొలుసులోని పై చెరువు ఒక స్థానిక సంస్థలో, క్రింది చెరువు మరియొక దానిలో ఉన్నప్పుడు బాధ్యత ఎవరిదను ప్రశ్న వచ్చెడిది. మహానగరములో విలీనమగుట వలన స్థానిక సంస్థలు ఒకటైనవి. కాని మూసీ ఆవలి ఒడ్డు వేరు జిల్లాలోనిది, దిగువ ప్రవాహము మరియొక జిల్లాలోనిది. నదిని ఏ ఒక్క విభాగమూ పూర్తిగా తన పరిధిలోనికి తెచ్చుకొనజాలదు.

ఇతర దేశాలతో పోలిక

గ్రామము పట్టణములో కలియునప్పుడు ప్రాతినిధ్యము మారుట మన దేశానికే పరిమితము కాదు. ఇండోనేషియాలో రాష్ట్రము క్రింద కబుపాతెన్ అను గ్రామీణ జిల్లాలు, కోత అను నగరాలు సమాన స్థాయిలో ఉన్నవి. వాటి క్రింద మన మండలమును పోలిన కెచమతన్ ఉండును. అన్నింటికన్న క్రింది స్థాయిలో రెండు రకాలు కలవు. దేశ అను గ్రామానికి ప్రజలు ఎన్నుకొనిన పెద్ద ఉండును. కెలురహన్ అను పట్టణ వాడకు ప్రభుత్వము నియమించిన ఉద్యోగి ఉండును. కావున దేశ కెలురహన్‌గా మారినచో ఊరివారు తమ పెద్దను ఎన్నుకొను హక్కును కోల్పోవుదురు. జకార్తా సమీపములోని డెపోక్ 1999లో బొగోర్ గ్రామీణ జిల్లా నుండి వేరుపడి నగరమైనది. ఘటకేసర్ ప్రాంతములో సర్పంచి స్థానములో కార్పొరేటరు వచ్చునట్టి మార్పు దీనికి కొంత దగ్గర. ఇక్కడ ఎన్నిక పోదు. కాని ఒక ఊరికి ఒక ప్రతినిధి అను లెక్క పోయి, పలు ఊళ్ళకు కలిపి ఒక వార్డు అగును.

రవాణా, విద్య, ఉపాధి

ఘటకేసర్ రైల్వే స్టేషను సికింద్రాబాదు, కాజీపేట మార్గములో ఉన్నది. 2024 మార్చి 5న ఘటకేసర్, లింగంపల్లి మధ్య మౌలాలి మీదుగా ఎంఎంటిఎస్ రైలు ప్రారంభమైనది. 2025 జనవరి 6న సమీపములోని చర్లపల్లి స్టేషను కొత్త టెర్మినల్‌గా ప్రారంభమైనది. ఉప్పల్, నారపల్లి మధ్య ఎత్తైన వంతెన రహదారి పనులు 2018లో మొదలై, అనేక సంవత్సరములు ఆలస్యమైనందున ప్రయాణికులు చాలా ఇబ్బంది పడినారు.

పోచారం వద్ద ఇన్ఫోసిస్ ప్రాంగణము ఏర్పడిన తరువాత అన్నోజిగూడ, నారపల్లి పరిసరాలలో ఇండ్ల నిర్మాణము వేగముగా పెరిగినది. యంనంపేటలో శ్రీనిధి ఇంజనీరింగు కళాశాల, వెంకటాపూర్‌లో అనురాగ్ విశ్వవిద్యాలయము కలవు. ఉప్పల్, నాచారం, చర్లపల్లి పారిశ్రామిక వాడలలో పనిచేయువారు అనేకులు ఈ గ్రామాలలో నివసిస్తున్నారు. ఘటకేసర్‌లోని ఎన్.ఎఫ్.సి. నగర్ అణు ఇంధన సంస్థ పేరిట ఏర్పడిన కాలనీ.

ఈ విధముగా ఘటకేసర్ ప్రాంతము ఒక వైపు మూసీ ఒడ్డున గడ్డి, వరి సాగు, మరియొక వైపు సాఫ్ట్‌వేర్ ప్రాంగణములు గల మిశ్రమ ప్రాంతము. పరిపాలనా పటములో ఇది సంపూర్ణముగా పట్టణమైనది. నేలపై మాత్రము చల్క భూములు, గొలుసుకట్టు చెరువులు, కత్వలు ఇంకను ఉన్నవి.